యూనిఫాం చేతులు మడవడం: ఏ వైపు పైకి, ఎంత ఎత్తున, ఎవరి అనుమతితో

వేసవిలో ఒక అమెరికన్ మెరైన్‌నీ (మెరైన్ కోర్ అనే దళం సైనికుడు) ఒక ఆర్మీ సైనికుడినీ పక్కపక్కన నిలబెడితే ఇద్దరి చొక్కా చేతులూ మోచేతి పైకి మడిచి ఉండొచ్చు. మెరైన్ జబ్బ మీద మడతతో ఏర్పడ్డ పట్టీ మాత్రం వెలిసిన రంగులో, దూరం నుంచి దాదాపు తెల్లగా కనబడుతుంది. ఆర్మీ సైనికుడి పట్టీ మీద చొక్కా మిగతా భాగంలో ఉన్న మచ్చల నమూనానే ఉంటుంది. ఒకరు తప్పుగా మడిచారనీ ఇంకొకరు సరిగ్గా మడిచారనీ చాలామంది అనుకుంటారు. ఇద్దరూ సరిగ్గానే మడిచారు. వాళ్ల నియమావళులు వేరు, అంతే.

ఈ విషయం చుట్టూ ఇంత గందరగోళం ఎందుకంటే, మూడు వేర్వేరు ప్రశ్నల్ని కలిపి ఒకటే అనుకుంటారు. అసలు ఇప్పుడు, ఇక్కడ చేతులు మడవొచ్చా అన్నది మొదటిది. మడిస్తే బట్ట ఏ వైపు బయటికి కనబడాలి అన్నది రెండోది. మడత ఎంత వెడల్పుండాలి, మోచేతికి ఎంత పైన ఆగాలి అన్నది మూడోది. రెండో మూడో ప్రశ్నలకు జవాబు నియమావళిలో దొరుకుతుంది. మొదటిదానికి చాలా వరకు అక్కడి కమాండర్ మాటే జవాబు. కొత్తగా చేరినవాళ్లు, క్యాడెట్లు, నాటకాలకూ చారిత్రక ప్రదర్శనలకూ యూనిఫాం వేసుకునేవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ఒక దళం మడత పద్ధతి ఎక్కడో చూసి నేర్చుకుని, దాన్ని ఇంకో దళం చొక్కా మీద ప్రయోగిస్తారు. మడత చక్కగా వస్తుంది కానీ ఆ చొక్కా మీద అది తప్పే.

ఇక్కడ అమెరికన్ దళాల నియమాలనే ఆధారంగా తీసుకుంటున్నాం. వాళ్ల కొలతలు స్పష్టంగా రాసిపెట్టి ఉన్నాయి. పైగా ఒకే దేశంలో ఒకే పనికి ఇన్ని రకాల జవాబులు ఎలా వచ్చాయో అక్కడ బాగా తెలుస్తుంది.

సీదా వైపు, ఉల్టా వైపు

కామోఫ్లాజ్ బట్ట, అంటే పరిసరాల్లో కలిసిపోయేలా చేసే ఆ మచ్చల బట్ట మీద నమూనాను ఒక వైపు నుంచే ముద్రిస్తారు. రంగు బట్టలోకి కొంత ఇంకుతుంది కానీ వెనక వైపుకు పూర్తిగా చేరదు. అందుకే లోపలి వైపు, అంటే దర్జీలు ఉల్టా అనే వైపు, పాలిపోయి ఉంటుంది. చేతిని మామూలుగా, మనం ఇంట్లో ఫుల్ హ్యాండ్స్ చొక్కా మడిచినట్టే కఫ్ నుంచి పైకి దొర్లించుకుంటూ పోతే ప్రతి మడతకూ ఆ ఉల్టా వైపే పైకి వస్తుంది. మెరైన్ కోర్ పద్ధతి ఇదే. వాళ్ల నియమం ప్రకారం ఉల్టా వైపు బయటికి ఉండాలి, పట్టీ సుమారు 3 అంగుళాల వెడల్పుండాలి, మోచేతికి దాదాపు 2 అంగుళాల పైన ఆగాలి.

ఆర్మీ నియమం దీనికి ఎదురు. కామోఫ్లాజ్ నమూనా బయటికే కనబడాలి, మడత మోచేతికి పైనే ఉండాలి, కానీ 3 అంగుళాలకు మించి పైకి పోకూడదు. వైమానిక దళం కొలతను ఇంకో రకంగా చెబుతుంది. మడిచాక కఫ్ కనబడుతూ ఉండాలి. మోచేతిని 90 డిగ్రీలకు వంచినప్పుడు మడత కింది అంచు ముంజేతిని తాకాలి, లేదా దానికి ఒక అంగుళం లోపు ఉండాలి.

ఈ మూడు కొలతలూ చదివితే మూడు వేర్వేరు చోట్లు అనిపిస్తాయి. నిజానికి తేడా చాలా తక్కువ. మోచేతిని వంచగానే చొక్కా చేయి పైకి జరుగుతుంది. నిలబడి చేతులు వదిలేసి కొలిచినప్పుడు సరిగ్గా ఉన్న మడత, సెల్యూట్ చేసేటప్పుడు ఇంకా పైకి పోయినట్టు కనిపిస్తుంది. వైమానిక దళం వంచిన చేయి మీద కొలవమనడంలో మంచి తెలివి ఉంది. స్కేలు లేకుండా, ఎదుటివాడిని ఒక్కసారి చేయి వంచమని అడిగితే సరిపోతుంది. పొట్టి చేతులవాళ్లకూ పొడవు చేతులవాళ్లకూ ఒకే పరీక్ష పనిచేస్తుంది. నా దృష్టిలో మూడింట్లోనూ వాడుకకు బాగా పనికొచ్చే కొలత ఇదే.

మెరైన్ మడత

చొక్కా ఒంటి మీద ఉండగా ఈ మడత వేయకూడదు. ఒంటి చేత్తో రెండో చేతిని మడిస్తే పట్టీ ఎప్పుడూ వంకరగానే వస్తుంది. చొక్కా విప్పి, గుండీలన్నీ పెట్టి, బల్ల మీదో గట్టి పరుపు మీదో బోర్లా పరచండి. చేయి కింది కుట్టు ఒక అంచున, దానికి ఎదురుగా ఉన్న పై అంచు రెండో వైపున వచ్చేలా చేతిని చదును చేయండి. అరచేత్తో భుజం నుంచి కఫ్ దాకా ఒకసారి గట్టిగా రాస్తే లోపలి పొరలు సర్దుకుంటాయి.

ఇప్పుడు ఎన్ని మడతలు కావాలో లెక్క వేసుకోవాలి. మణికట్టు నుంచి మోచేతి దాకా సుమారు 10 అంగుళాలుంటే, మోచేతికి 2 అంగుళాల పైకి చేరాలంటే కింది అంచు మొత్తం 12 అంగుళాలు పైకి రావాలి. ఒక్కో మడత 3 అంగుళాలు కాబట్టి నాలుగు మడతలు. చేతులు పొడవున్నవాళ్లకు ఈ దూరం 13 అంగుళాలు రావచ్చు, అది మూడుతో సరిగ్గా భాగించబడదు. అప్పుడు చివరి మడతను సాగదీసి సరిపెట్టాలని చూస్తారు, దాంతో బయటికి కనబడే పట్టీ 4 అంగుళాలవుతుంది. చేయాల్సింది దానికి తిరుగుడు. తేడాను మొదటి మడతలో సర్దాలి, ఎందుకంటే అది లోపల దాక్కుంటుంది. 13 అంగుళాలకు మొదట ఒకే ఒక్క అంగుళం మడిచి, ఆ తర్వాత నాలుగు మూడంగుళాల మడతలు వేస్తే బయటి పట్టీ సరైన వెడల్పుకే వస్తుంది. ఒక మడత పెరిగి పట్టీ కాస్త మందమవుతుంది, అది తప్పదు. మందం వద్దనుకుంటే మూడుంపావు అంగుళాల చొప్పున నాలుగు మడతలు వేయొచ్చు. నియమంలో ‘సుమారు’ అన్న మాట ఉన్నది ఇలాంటి సర్దుబాటుకే.

అసలు చిక్కు బట్ట ఆకారంలో ఉంది. చొక్కా చేయి గొట్టంలా ఒకే వెడల్పున ఉండదు. కఫ్ దగ్గర ఇరుకు, జబ్బ దగ్గర విశాలం. మడుస్తూ పైకి వెళ్లేకొద్దీ ఇరుకు భాగం లోపల ఉండి, వెడల్పు భాగం దాని మీద చుట్టుకుంటుంది. బయటి పొరలో మిగిలిన బట్ట ఎక్కడికో పోవాలి కదా. అది చేయి కింది కుట్టు దగ్గర ముడతగా పోగవుతుంది, లేదా పట్టీ పై అంచు గొడుగులా విచ్చుకుంటుంది. ప్రతి మడత తర్వాతా కింది కుట్టు పక్కన ఆ మిగులు బట్టను ఒకే చిన్న ప్లీటుగా, చంక వైపుకు వచ్చేలా సర్దుతూ పోవాలి. అది లోపలి వైపు ఉంటుంది కాబట్టి చేతులు వదిలేసి నిలబడితే కనబడదు. ముందు వైపు పట్టీ మాత్రం చదునుగా, బిగుతుగా నిలుస్తుంది.

చొక్కా చేతులను దర్జీ చేత బిగింపు చేయించుకునే అలవాటు మెరైన్లలో ఉంది. పట్టీ జబ్బకు అతుక్కుని ఉంటే చూడ్డానికి బాగుంటుందన్నది వాళ్ల ఉద్దేశం. అయితే ఎంత బిగుతు అన్నదానికి ఒక హద్దు పెట్టుకోవాలి. చేయి వంచి జబ్బ కండ బిగించినప్పుడు కూడా పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. దూరకపోతే కసరత్తో బరువు పనో చేశాక కండ ఉబ్బి, పట్టీ కోసుకుపోతుంది. సాయంత్రం చొక్కా విప్పితే జబ్బ మీద ఎర్రటి చార కనబడుతుంది, వేళ్లు తిమ్మిరెక్కొచ్చు కూడా.

ఆర్మీ మడత

సీదా వైపు బయటికి రావాలంటే మామూలుగా దొర్లిస్తే కుదరదు. ఇందులో ఒక మెలిక ఉంది. అది పట్టుబడితే మెరైన్ మడత కన్నా ఇదే సులువు, ఎందుకంటే అసలు మడత ఒక్కటే.

ముందు కఫ్ విప్పండి. కఫ్ అంచు పట్టుకుని చేతిని తిరగేస్తూ భుజం వైపుకు లాగండి. మేజోడును పైనుంచి తిరగేసి తీసినట్టే, చేతి కింది సగం ఉల్టాగా మారి పై సగం మీద తొడుగులా కూర్చుంటుంది. ఇప్పుడు కఫ్ భుజానికి దగ్గరగా, ఉల్టాగా ఉంది. తిరగబడిన అంచు మోచేతి దరిదాపుల్లో ఉంది. ఆ కింది అంచును 3 అంగుళాల వెడల్పున పైకి ఒక్క మడత వేయండి. మడత పై అంచు కఫ్ కుట్టు దగ్గరికి చేరుతుంది. చివరగా కఫ్‌ను దాని మీదికి కిందికి దించండి. కఫ్ సీదా వైపు బయటికి వచ్చి, ఉల్టా బట్టనంతా కప్పేస్తుంది.

అంకెలతో చూస్తే ఇంకా తేలిక. భుజం కుట్టు నుంచి కఫ్ అంచు దాకా 24 అంగుళాలున్న చేయి, 3 అంగుళాల కఫ్ అనుకుందాం. కఫ్ అంచును భుజం కుట్టుకు 6 అంగుళాల దిగువకు చేర్చి ఆపండి. చేయి రెండుగా మడతపడింది కాబట్టి తిరగబడిన అంచు 6కూ 24కూ సరిగ్గా మధ్యన, అంటే భుజం నుంచి 15 అంగుళాల దగ్గర ఉంటుంది. దాన్ని 3 అంగుళాలు పైకి మడిస్తే పట్టీ 9 నుంచి 12 అంగుళాల మధ్య నిలుస్తుంది. కఫ్ కుట్టు కూడా 9 దగ్గరే ఉంది. కఫ్‌ను దించితే 9 నుంచి 12 దాకా కప్పుతుంది, ఒక్క నూలుపోగు తేడా లేకుండా. భుజం నుంచి మోచేతికి 14 అంగుళాలున్న మనిషికి కింది అంచు మోచేతికి 2 అంగుళాల పైన ఆగింది. 3 అంగుళాల హద్దు లోపలే ఉంది.

ఈ లెక్క తెలిస్తే సర్దుబాట్లు చేతిలో పని. కఫ్‌ను ఒక అంగుళం ఎక్కువ పైకి లాగినా కింది అంచు అర అంగుళమే లేస్తుంది, ఎందుకంటే బట్ట రెట్టింపుగా మడతపడి ఉంది. చాలామంది ఇది తెలియక ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అంటూ కఫ్‌ను భుజం మీదికి లాగేస్తారు. అప్పుడు కఫ్ కిందికి దించేసరికి అది పట్టీ కన్నా కిందికి వేలాడుతుంది. కొంచెం పైకి కావాలంటే పట్టీ వెడల్పును రవ్వంత పెంచితే రెండూ సర్దుకుంటాయి. కఫ్ రెండున్నర అంగుళాలే ఉంటే కింద అర అంగుళం ఉల్టా బట్ట పాలిపోయి బయటపడుతుంది. ఈ మడతలో కంటికి తగిలే పెద్ద తప్పు అదే. దానికి మందు, మడత పై అంచును కఫ్ కుట్టు దాకా తీసుకెళ్లకుండా అర అంగుళం ముందే ఆపడం. అప్పుడు కఫ్‌తోపాటు దాని పక్కనున్న అర అంగుళం బట్ట కూడా కిందికి దిగి కప్పుతుంది.

ఇంత తిరకాసు ఎందుకంటే, ఈ మడతను కఫ్ పట్టుకుని ఒక్క గుంజు గుంజితే చేయి మొత్తం మణికట్టు దాకా సీదాగా జారుతుంది. మడిచి ఉన్నంతసేపూ నమూనా ఎక్కడా తెగదు. మెరైన్ మడత విప్పాలంటే నాలుగు చుట్లూ ఒక్కొక్కటిగా విప్పుకోవాలి. అందుకే ఆర్మీ మడత సరిగ్గా వేశామో లేదో తేల్చే పరీక్ష కూడా ఆ గుంజే. ఒక్క లాగుతో జారకపోతే లోపల బట్ట మెలిపడిందని అర్థం, మళ్లీ వేయాలి.

చొక్కా మారితే మడతా మారుతుంది

ఆర్మీ పాత బీడీయూ (బ్యాటిల్ డ్రెస్ యూనిఫాం) చొక్కాకూ తర్వాత వచ్చిన ఏసీయూ (ఆర్మీ కంబాట్ యూనిఫాం) చొక్కాకూ ఈ విషయంలో చాలా తేడా ఉంది. 1981లో వచ్చిన బీడీయూ మందపాటి ట్విల్ బట్ట, సగం నైలాన్, సగం పత్తి. కఫ్‌కు గుండీలు. ఇస్త్రీ పెడితే మడత కత్తిలా నిలిచేది. గంజి పెట్టడం కూడా మామూలే. 2004లో ఆర్మీ ప్రకటించిన ఏసీయూ పల్చటి రిప్‌స్టాప్ బట్ట, అంటే చిరుగు పాకకుండా నేసిన బట్ట. దాని కఫ్‌కు వెల్క్రో, ఎడమ ముంజేతి మీద పెన్నుల జేబు, మోచేతి దగ్గర ప్యాడ్ పెట్టుకునే అదనపు పొర, జబ్బ మీద వాలుగా జేబు. వీటిలో ప్రతి ఒక్కటీ మడతకు అడ్డమే.

వెల్క్రోతో మొదలుపెడదాం. కఫ్ విప్పి తిరగేసేటప్పుడు వెల్క్రో గరుకు వైపు పక్క బట్టను పట్టుకుంటుంది. రోజూ అలా గీరుకుంటే రిప్‌స్టాప్ మీద నూలు లేచి బూజులా తయారవుతుంది. చర్మానికి తగిలితే గీరుకుపోతుంది. తిరగేయడానికి కఫ్ వదులు చేయాలి కానీ, కఫ్ పైకి చేరాక కిందికి దించే ముందు వెల్క్రోను అతికించేయాలి. జబ్బకు సరిపోయేంత వదులుగా అతికించాలి, మణికట్టు కొలతకు కాదు. మణికట్టు కొలతకు అతికిస్తే కఫ్ పట్టీ మీదికి దిగదు, బలవంతంగా దించితే పట్టీ మధ్యలో నొక్కుకుపోతుంది.

పెన్నుల జేబు సంగతి తేలికైందే. మడిచే ముందు పెన్నులు తీసేయాలి. తీయకపోతే పట్టీ ఆ చోట కర్రలా బిగుసుకుంటుంది, మూత ఊడితే సిరా లోపలే ఇంకుతుంది. మోచేతి పొర మాత్రం వదిలించుకోలేనిది. పైన వేసిన లెక్క గుర్తుందా? తిరగబడే అంచు భుజం నుంచి 15 అంగుళాల దగ్గర పడుతుంది, మోచేయి 14 దగ్గర. అంటే చొక్కాలో అన్నిటికన్నా మందమైన చోటే మడతపడుతుంది. పట్టీ వెనక భాగం ఉబ్బెత్తుగా కనబడటానికి కారణం ఇదే. చేతిని పరిచేటప్పుడు మోచేతి పొరను ముందు చదునుగా రాసి, దాని కుట్లు మడత అంచుకు సమాంతరంగా వచ్చేలా చూసుకుంటే ఉబ్బు చాలా తగ్గుతుంది. పొర అడ్డదిడ్డంగా ఉండగానే మడిస్తే ఆ వంకర ముందు వైపుకూ పాకుతుంది.

జబ్బ మీది జేబు పై హద్దును నిర్ణయిస్తుంది. దాని మీదే దళం గుర్తు, కుడి చేతి మీద జెండా గుర్తు ఉంటాయి. పొట్టి మనుషుల చొక్కాల్లో మడత పై అంచు ఈ జేబు కింది అంచును తాకుతుంది. గుర్తుల మీదికి పట్టీ ఎక్కకూడదు, కాబట్టి అలాంటివాళ్లు మోచేతికి మరీ దగ్గరగా మడవక తప్పదు.

గంజి గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మడత నిలవాలని ఇప్పటి యూనిఫాంలకు గంజి పెట్టకూడదు. ఆర్మీ ఏసీయూకూ మెరైన్ల చొక్కాకూ రెండింటికీ అది నిషేధమే. గంజి బట్ట నూలును పెళుసుగా చేసి మడత అంచున చీలేలా చేస్తుంది, గాలి ఆడనివ్వదు. రాత్రి చూపు పరికరాలకు చిక్కకుండా బట్టకు ఇచ్చిన గుణం కూడా దెబ్బతింటుంది. బట్టలను మెరిపించే రసాయనాలున్న సబ్బు పొడులతో వచ్చే నష్టమూ ఇదే. పట్టీ జారుతోందంటే కారణం గంజి లేకపోవడం కాదు. మొదటి మడత వదులుగా పడింది, లేదా ఆ చేయి మీకు మరీ పెద్దది.

కొందరు పట్టీ జారకుండా లోపలి పొరలో నాలుగు కుట్లు వేసుకుంటారు. చూడ్డానికి చాలా శుభ్రంగా ఉంటుంది. కానీ అవసరమైన క్షణంలో చేయి కిందికి దిగదు. ఆ క్షణం ఎప్పుడు వస్తుందన్నదే తర్వాతి విషయం.

ఎప్పుడు మడవకూడదు

చొక్కా చేయి పొడవుగా పెట్టింది అందం కోసం కాదు. ఎండ, ముళ్లు, దోమలు, మంట, రసాయనాలు, ఈ అయిదింటికీ అది మొదటి అడ్డు. ఆర్మీ యూనిఫాంలలో పురుగులను తరిమే పర్మెత్రిన్ మందును ఫ్యాక్టరీలోనే పట్టించినవి ఉన్నాయి. ఆ మందు సుమారు 50 ఉతుకుల దాకా పనిచేస్తుంది. కానీ అది బట్ట మీద ఉంటుంది, చర్మం మీద కాదు. చేయి మడవగానే ముంజేతికి ఆ రక్షణ పోతుంది, అక్కడ వేరే దోమల మందు రాసుకోవాలి. మలేరియా ఉన్న ప్రాంతాల్లో చేతులు దించమని ఆదేశం వస్తే కారణం ఇదే. దాన్ని క్రమశిక్షణ పేరుతో పెట్టే ఇబ్బందిగా చూడటం పొరపాటు.

మంట విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. హెలికాప్టర్, విమాన సిబ్బంది వేసుకునేది నోమెక్స్ వంటి అరామిడ్ నూలుతో చేసిన, మంటకు కరగని దుస్తులు. విమానంలో ఉన్నంతసేపూ వాటి చేతులు మణికట్టు దాకా దించి, బిగించే ఉండాలి. మంటలో అరక్షణం తేడా అంటే ముంజేతి చర్మమే. మామూలు నైలాన్-పత్తి చొక్కాకు అంత శక్తి లేకపోయినా, ఉన్న ఆ ఒక్క పొరా వేడి గొట్టాల నుంచీ తుపాకీ నుంచి ఎగిరే ఖాళీ తూటా తొడుగుల నుంచీ కాపాడుతుంది. వాహనాల మరమ్మతు చోట్ల మాత్రం లెక్క తిరగబడుతుంది. తిరిగే యంత్రం దగ్గర వదులుగా వేలాడే కఫ్ చేతిని లోపలికి లాగేస్తుంది. అక్కడ కఫ్ బిగించాలి, లేదా పూర్తిగా పైకి గట్టిగా మడవాలి. సగం మడిచి వదిలేసిన చేయి అన్నిటికన్నా ప్రమాదం.

మడవడానికీ దించడానికీ మధ్యన మూడో దారి ఒకటి ఆర్మీ నియమంలో ఉంది, దాని గురించి చాలామందికి తెలియదు. ఫీల్డ్ శిక్షణలోనో విదేశీ మోహరింపులోనో కమాండర్ ఒప్పుకుంటే కఫ్‌ను చొక్కా చేయి లోపలికి మడుచుకోవచ్చు. బయటికి పట్టీ కనబడదు, మణికట్టు దగ్గర గాలి ఆడుతుంది. ఇందులో వెల్క్రో లోపలికి వెళ్లి చర్మాన్ని గీరుతుంది కాబట్టి, మడవక ముందే దాన్ని అతికించి ఉంచాలి.

అనుమతి ఎలా వచ్చింది, ఎలా పోయింది

బీడీయూ రోజుల్లో ఆర్మీలో చేతులు మడవడం వేసవి మామూలే. ఏసీయూ వచ్చాక అది ఆగిపోయింది. చేతులు దించే ఉండాలన్నారు, ఎండనూ పురుగులనూ కారణంగా చెప్పారు. పదేళ్లకు పైగా అదే నడిచింది. 2016 జూన్‌లో అప్పటి ఆర్మీ అధిపతి (చీఫ్ ఆఫ్ స్టాఫ్) జనరల్ మార్క్ మిల్లీ టెక్సస్‌లోని ఫోర్ట్ హుడ్‌కు వెళ్లినప్పుడు, అక్కడి సైనికులకు పది రోజుల ప్రయోగంగా అనుమతి ఇచ్చారు. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే అది ఆర్మీ అంతటికీ వర్తించింది. అయినా నియమం ‘మడవొచ్చు’ అనే అంటుంది తప్ప ‘మడవాలి’ అనదు, అదీ కమాండర్ ఒప్పుకుంటేనే. ఒకే స్థావరంలో రెండు యూనిట్లు రెండు రకాలుగా కనబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

మెరైన్ కోర్‌లో కథ ఇంకా ఉద్వేగంగా నడిచింది. 2011 అక్టోబరులో ఆ దళం అధిపతి (కమాండెంట్) జనరల్ జేమ్స్ ఆమోస్ హయాంలో ఏడాది పొడవునా చేతులు దించే ఉండాలని ఉత్తర్వు వచ్చింది. యుద్ధ క్షేత్రంలో ఎలాగూ దించే ఉంచుతారు, స్థావరంలోనూ అలాగే ఉంటే ఒకే పద్ధతి అవుతుంది. తర్కం సరైనదే. కానీ ఆ వెలిసిన రంగు పట్టీ మెరైన్లకు ఒక గుర్తు. మిగతా దళాల మధ్య నిలబడితే దూరం నుంచే ‘వీడు మెరైన్’ అని చెప్పేది అదే. ఉత్తర్వు పట్ల అసంతృప్తి తగ్గలేదు. 2014 ఫిబ్రవరిలో అదే ఆమోస్ తన నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. మార్చి 9 నుంచి మళ్లీ చేతులు మడతపడ్డాయి. ఆ తేదీని ఊరికే ఎంచుకోలేదు. అమెరికాలో గడియారాలు ఒక గంట ముందుకు జరిపే రోజు అది. వేసవి యూనిఫాంకు మారడం మార్చిలో ఆ రోజునే, చలికాలానికి మారడం నవంబరులో గడియారం వెనక్కి జరిపే రోజునే. ఎవరి ఉష్ణమాపకంతోనూ పని లేకుండా అందరూ ఒకేసారి మారతారు. మోహరింపులో ఉన్నవాళ్లకు మాత్రం చేతులు దించే ఉండాలి.

చేతులు మడిస్తే పచ్చబొట్లూ బయటపడతాయి. 2007లో మెరైన్ కోర్ చేయంతా నిండే పచ్చబొట్లను నిషేధించి, 2021లో ఆ నిషేధాన్ని ఎత్తేసింది. నిషేధం కాలంలో ముంజేతి మీద ఏముందో వేసవి మడతే చెప్పేసేది.

రోజువారీ పనిలో

రెండు చేతులూ సమానంగా రావాలంటే రెంటినీ ఒకేసారి పరిచి, ప్రతి మెట్టూ రెంటికీ వేసుకుంటూ పోవాలి. ఒక చేయి పూర్తిచేసి రెండోది మొదలుపెడితే అర అంగుళం తేడా ఖాయం. తొడిగాక అద్దంలో కాదు, పక్కనున్న మనిషి చేత చూపించుకోండి. మనం చేయి ఎత్తి చూసుకోగానే మడత జరిగిపోతుంది. లోపలి టీషర్టు చేయి పట్టీ కింద నుంచి తొంగిచూస్తోందేమో కూడా అప్పుడే తెలుస్తుంది. చలికి పైన జాకెట్ వేసుకోవాల్సి వస్తే ముందు చేతులు దించండి. లోపల మడిచే ఉంచితే జాకెట్ జబ్బ దగ్గర ఉబ్బి, మోచేయి వంగదు.

కొత్త చొక్కాను మొదటి రోజే మడవకండి. పత్తి కలిసిన బట్ట మొదటి ఉతుకులో కొంచెం కుదించుకుపోతుంది. ఉతికి ఆరబెట్టాక కొలుచుకుంటే ఆ కొలత నిలుస్తుంది. మడతపెట్టిన చొక్కాను అలాగే ఉతుక్కి వేయకూడదు. లోపలి పొరల్లో చెమట ఉప్పు కరగకుండా ఉండిపోతుంది, జాడించినా సబ్బు సరిగ్గా పోదు. రోజూ ఒకే గీత మీద మడతపడి, ఆ మడతతోనే రాపిడికి గురైతే అక్కడ రంగు ముందుగా పోతుంది. కొన్నాళ్లకు చేయి దించినప్పుడు మోచేతి చుట్టూ తెల్లటి గీత మిగులుతుంది, అది ఇంక పోదు. విప్పి, వెల్క్రో అతికించి లేదా గుండీ పెట్టి, తిరగేసి ఉతకండి. నీడన ఆరాక మళ్లీ పరచి మడవండి. పాత గీత మీదే కాకుండా పావు అంగుళం అటూ ఇటూ జరిపి మడిస్తే అదే చొక్కా ఎక్కువ కాలం రంగు నిలుపుకుంటుంది.